పోలమ్మ మానిపించిన అడ్డపొగ

నిన్న మా గని ఊరు బచేలి సంతలో ఎండుచేపలు బేరమాడుతుంటే పక్కనుంచి చుట్ట వాసన తగిలింది. చూస్తే కడుపుతో ఉన్న పిల్ల. నిప్పున్న కొన నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది, మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్లలాగే. ఆ వాసనకి నాకు పోలమ్మ గుర్తొస్తుంది. గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇనప కొండ మీద గని పని జోరుగా సాగే రోజుల్లో పోలమ్మదీ మాదీ పక్కపక్క క్వార్టర్లు. కాలనీలో ఎవరింట ఏం జరిగినా పోలమ్మే కావాలి. నోట్లో నిప్పుండగానే నవ్వేది. హిందీవాళ్లతో హిందీ, గోండువాళ్లతో గోండీ మాట్లాడేది. నేను చుట్ట ముట్టలేదు, దండగ ఖర్చని. మెతుకు పారెయ్యకుండా ఇల్లు నడిపాను. అయినా నా గుమ్మంలో ఎవరూ కూర్చునేవారు కాదు. మా ఆయన కూడా నా పులుసు తింటూ పోలమ్మ పులుసునే మెచ్చుకునేవాడు.

ఆమె కొడుకు పసితనంలోనే రక్తం క్యాన్సర్‌తో పోయాడు. విశాఖ రైలెక్కించి తీసుకెళ్లింది, ఒక్కతే తిరిగొచ్చింది. అప్పట్నుంచి చుట్ట మానేసింది. అయినా జనం ఆమె గుమ్మం వదల్లేదు.

మరుసటేడు మా కూతురు గౌరి పురిటికొచ్చింది. అత్తారింట్లో అడ్డపొగ నేర్చుకుంది, కడుపుతో ఉండీ మానలేదు. తిట్టాను, చుట్టలు పొయ్యిలో వేశాను. పెరట్లోకి పోయి కాల్చేది.

"కడుపులో బిడ్డకి పొగ పెడతావేటే?"

"మా అత్త కాల్చలేదా? ఆరుగుర్ని కనలేదా?"

ఒక సాయంత్రం మా అరుపులు విని పోలమ్మ వచ్చి గౌరి పక్కన చతికిలబడింది. నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను.

"పిన్నీ, నీ కొడుక్కి ఆ రోగం పొగ వల్లేనా?" అడిగేసింది గౌరి.

"తెలీదే అమ్మా. డాక్టర్నడిగాను. నీ కొడుక్కి దానివల్లే అని చెప్పలేను, కాదనీ చెప్పలేను అన్నాడు. కడుపుతో ఉండి కాలిస్తే బిడ్డకి చెరుపే, ఇలాంటి రోగాల భయం కూడా పెరుగుతాదేమో అన్నాడు. ఆ 'ఏమో' రోజూ నా పక్కనే పడుకుంటాది. నీకెందుకే అది?"

కొంగుముడి విప్పి ఉప్పు పట్టించిన ఎండు ఉసిరిముక్క ఇచ్చింది. గౌరి చుట్టని నేలకేసి నలిపేసింది. మర్నాడు మళ్లీ చుట్ట కోసం నోరు పీకింది. పరుగున పోలమ్మ దగ్గరికే పోయింది, నా దగ్గరికి కాదు. కన్నది నేను, పెంచింది నేను. నోరు నొప్పెట్టేలా నేను చెప్పినా చెవినెట్టని పిల్ల, ఆమె ఉసిరిముక్కకి లొంగింది.

ఆడపిల్ల పుట్టింది. నా పేరే పెడతారనుకున్నాను. గౌరి "పోలమ్మ" అని పెట్టింది.

పక్కింటి పోలమ్మ పోయి చాలా కాలమైంది. నా రొంటిన మాత్రం ఉసిరిముక్కలు ఎప్పుడూ ఉంటాయి. నిన్న సంతలో నోటిదాకా వచ్చిన తిట్టు మింగి, ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. ముక్క చేతిలో పెట్టాను. చెప్పాల్సింది చెప్పాను. ముక్క బుగ్గన పెట్టుకుని, చుట్ట ఆర్పింది.

"ఇది ఎవరు నేర్పారు మామ్మా?"

నేనే అందామనుకున్నాను. నోరు రాలేదు. "పోలమ్మని, మా పక్కింటావిడ" అన్నాను, పళ్లు కొరుక్కుంటూనే.

బరువు సంచీ నాతో సంతకొచ్చిన గౌరి కూతురు ఎత్తుకుంది. ఏనుగులా ఉంటుంది నా మనవరాలు, ఒక్క రోగం లేదు. నన్ను దాటి గబగబా పోతుంటే ఆగమని కేకేశాను, ఆ పేరుతోనే. ఏం చేస్తాను, రోజూ పిలవాల్సిందే.