మైక్రాన్ సార్ రైలింజను

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. (ఆ రోజులంటే మరీ పాతవేమీ కావు, ఏడేళ్ళ కిందటివి. కానీ అప్పటి నా ధీమా తలుచుకుంటే ఏ యుగానివో అనిపిస్తాయి.) హోసూరులో ఒక ఫ్యాక్టరీలో, తయారైన విడిభాగాలను కొలిచి మంచివో కావో తేల్చే ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లో ఉద్యోగం. ఉండేది ఒంటిగది. ఆ గదిలో మంచానికి దొరికిన చోటు కన్నా ప్లాస్టిక్ ఇటుకలతో నేను కట్టిన లారీలు, క్రేన్లు, వంతెనలకు దొరికిన చోటే ఎక్కువ. మా ఊరు ఉద్దనపల్లి నుంచి వచ్చినప్పుడల్లా మా అమ్మ వాటిని చూసి, పెళ్ళి కావలసిన వయసులో ఈ బొమ్మలేమిటని వాపోయేది. బొమ్మలు కావని, బిల్డింగ్ బ్లాక్స్ అని, పెద్దవాళ్ళ కోసమే చేసిన సెట్లని చెప్పి, పెట్టె మీద పద్దెనిమిదేళ్ళు నిండినవారికి అని ఉన్న గుర్తు చూపించేవాణ్ణి. ఆ అంకె చూసి ఆమె ఇంకా భయపడేది.

సెట్టు ఎంచుకోవడంలో నన్ను మించినవాడు కృష్ణగిరి జిల్లాలోనే లేడని నా గట్టి అభిప్రాయం. (జిల్లాలో ఇంకెవరైనా కొంటున్నారా అన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.) ముక్కలు వేలల్లో ఉన్నాయని మురిసిపోకూడదు, అందులో సగం గోరంత పలకలే ఉంటాయి. స్టిక్కర్లు ఎక్కువుంటే వద్దు, ఒక్కటి వంకర పోయినా జన్మంతా కంట్లో పడుతూనే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, కట్టిన తరువాత అది కదలాలి, తిరగాలి, ఏదో ఒకటి చేయాలి. ఇవన్నీ టీ విరామంలో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాణ్ణి.

మా సెక్షన్ పెద్దాయనను అందరూ మైక్రాన్ సార్ అనేవారు. (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు.) వెంట్రుకలో పదోవంతు తేడా ఉన్నా ఆ భాగాన్ని పక్కన పెట్టించి ఎర్ర ట్యాగు కట్టించేవారు. తక్కువ వచ్చినా తప్పే, ఎక్కువ వచ్చినా తప్పే అన్నది ఆయన పద్ధతి. సరుకులో నాలుగు బోల్టులు అదనంగా వచ్చినా వాపసు పోవలసిందే. నా చేతికి కొలత అలవాటు చేసింది ఆయనే. ‘బాగుంది’ అన్న మాట మాత్రం ఆయన నోట విన్నవాళ్ళు లేరు. ఆయన రిటైరవుతుంటే, మా ఆనవాయితీ ప్రకారం గోడ గడియారం ఇద్దామన్నారు. నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు సైరన్ ప్రకారం బతికిన మనిషికి ఇంకా టైము చూపిస్తారా? రేపటి నుంచి ఖాళీగా ఉండబోయే ఆ చేతులకు పని కావాలి, బ్లాక్స్ సెట్టు ఇద్దాం, నేనే ఎంచుతాను అన్నాను. సెక్షన్‌లో సీనియర్, మేమంతా అక్కా అని పిలిచే ఆమె, మెల్లగా అంది:

“అంత పెద్దాయనకి ఆటబొమ్మ ఇస్తే, మనం ఎగతాళి చేస్తా ఉండామని అనుకోడా అప్పా?”

ఆయన దాన్ని కట్టకపోతే గడియారం నేనే కొని, రాయకోటలో వాళ్ళింటికి పోయి, గోడకు మేకు కొట్టి తగిలించి వస్తానని అందరి ముందూ పందెం కాశాను.

రేసు కారు వద్దనుకున్నాను, ఆయన జీవితంలో మోపెడ్ దాటలేదు. కోట సెట్టు చూశాను, కానీ కిటికీ తీస్తే కొండ మీద నిజమైన కోట కనిపించే మనిషికి ప్లాస్టిక్ కోట ఎందుకు? పూలగుత్తి కదలదు. చివరికి ఆవిరి రైలింజను దగ్గర ఆగాను. రోజూ రాయకోట నుంచి రైల్లో డ్యూటీకి వచ్చిన మనిషి. చక్రాలు తిరిగితే పక్కన కడ్డీలు కదులుతాయి, ముందు గోరంత పసుపు దీపం ఉంటుంది. (రెండేళ్ళుగా నేను కొనాలని కలలు కంటున్న ఇంజను కూడా అదే కావడం వేరే సంగతి.)

పెట్టె వచ్చాక మేము చేసిన పని మా సెక్షన్ వాళ్ళు తప్ప లోకంలో ఇంకెవరూ చేయరు. మైక్రాన్ సార్ చేతికి పరీక్ష కాని సరుకు వెళ్ళడమా? శనివారం మధ్యాహ్నం క్యాంటీన్ బల్ల మీద సంచులన్నీ విప్పి, పుస్తకం చివరనున్న జాబితాతో ముక్కముక్కా సరిచూశాం. పదకొండు చిన్న ముక్కలు ఎక్కువ తేలాయి. చిన్నవి తొందరగా పోతాయని ఇలాంటి సెట్లలో ఒకటీ అరా అదనంగా వేస్తారని నాకు తెలుసు. కానీ సార్‌కు తెలియదు కదా! కట్టడం అయ్యాక పదకొండు మిగిలితే, ఎక్కడో తప్పు జరిగిందని ఆయన మొత్తం విప్పేస్తారు. అందుకని ఎంతో ముందుచూపుతో ఆ పదకొండూ తీసి కవరులో వేసి, ఎర్ర ట్యాగు మీద ‘అదనం, రిజెక్ట్’ అని రాసి, సంతకం పెట్టి నా సొరుగులో పడేశాను. మిగిలినవి ఏ సంచివి ఆ సంచిలో వేసి మళ్ళీ సీలు చేశాం.

వీడ్కోలు నాడు సార్ పెట్టెను తిప్పి తిప్పి చూశారు. పద్దెనిమిదేళ్ళ సంగతి చదివి, “నాకు నిండినాయి లే” అన్నారు. అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు. లోపల డ్రాయింగు ఉందా అని మాత్రం అడిగి, పెట్టె చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

తరువాత నెల రోజులు ఆయన నుంచి ఏ కబురూ లేదు. సెక్షన్ వాట్సాప్ గ్రూపులో రోజుకొకరు గోడ గడియారం ఫొటో పెట్టేవారు. పైకి నవ్వేవాణ్ణి కానీ లోపల దిగులుగా ఉండేది. నాకు పని నేర్పిన మనిషిని చివరి రోజున అందరి ముందూ చిన్నబుచ్చానేమోనన్న బాధ అది. ఒక శుక్రవారం ఆయనే ఫోన్ చేశారు.

“ఏమప్పా, పెట్టెలో ఒక పీసు షార్టేజ్ ఉండాది. చూసి పంపింది ఎవురు?”

“నేనే సార్.”

“ఆదివారం ఈడికి రా” అని పెట్టేశారు.

సొరుగులోని కవరు జేబులో వేసుకుని, చేతిలో ఒక సంచితో (అందులో ఏముందో తరువాత చెబుతాను) రాయకోట బస్సెక్కాను. వాళ్ళ ముందుగదిలో బల్ల మీద ఇంజను కట్టి ఉంది! రోజుకు రెండు పేజీల చొప్పున కట్టి, ప్రతి పేజీకీ పెన్సిలుతో టిక్కు పెట్టుకున్నారట. దీపం ఉండవలసిన చోటొక్కటే ఖాళీ. సార్ భార్య నాకు కాఫీ ఇస్తూ మొర పెట్టుకుంది.

“దాని కోసరం నాలుగు దినాలుగా ఇల్లు ఊడవనియ్యలేదప్పా. రెండుసార్లు అంతా విప్పి మళ్ళా కట్టినారు.”

నేను కవరు తీసి ఆయన చేతిలో పెట్టాను. ట్యాగు చదివారు. పదకొండు ముక్కల కథ అంతా చెప్పుకున్నాను. ఆయన ఆ పదకొండిట్లోంచి పసుపు దీపం ముక్కను ఏరి, వేళ్ళ మధ్య పట్టుకుని చూశారు.

“అయితే పోగొట్టింది నేనే. పోతాదని తెలిసి వాళ్ళు ముందే ఎక్కువ వేసినారు. అట్లా ఎక్కువ పంపినోళ్ళకంతా నేను వాపసు కొట్టినానే అప్పా” అని నవ్వారు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

దీపం బిగించి ఇంజనును వేలితో తోశారు. చక్రాలు తిరిగాయి, కడ్డీలు ఆడాయి. అప్పుడు పుస్తకం వెనక ఖాళీ పేజీ తెరిచారు. మా ఫ్యాక్టరీ ఫారం లాగే స్కేలుతో గీతలు గీసి సిద్ధంగా ఉంచుకున్నారు. పరీక్షించినవారు అన్న చోట తాను సంతకం చేసి, సరఫరా చేసినవారు అన్న చోట నాతో చేయించారు. ఫలితం అన్న గడిలో పాస్ అని రాయాలి. ఆయన ‘బాగుంది’ అని రాశారు. ఇంకో సెట్టు ఏది మంచిదో చూసి పెట్టమని, ఈసారి ఎక్కువ వచ్చింది తీయొద్దని చెప్పి పంపించారు.

గడప దాటుతుంటే సార్ భార్య సంచిలో ఏమిటని అడిగింది. ఏమీ లేదమ్మా అన్నాను. అందులో ఉన్నది పందెం ఓడిపోయాననే తేల్చుకుని తెచ్చిన గోడ గడియారం, మేకుతో సుత్తితో సహా. ఇప్పుడది మా ఇంట్లో నా బ్లాక్స్ అలమర పైన వేలాడుతోంది, దాని కింద ఒక సీసాలో ప్రతి సెట్టులోనూ మిగిలిన ముక్కలు దాస్తున్నాను. ఏ సెట్టు కొనాలని ఎవరడిగినా ఇప్పటికీ తడుముకోకుండా చెబుతాను. చెబుతూ ఒకసారి గడియారం వైపు చూసి, అన్నీ తెలుసన్న ధీమాతో సుత్తి కూడా సర్దుకుని బస్సెక్కిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను.