నక్కలు లేని దేశంలో ఆశీర్వాదం అన్న తుపాకి

న్యూజిలాండ్‌లో నక్కలు లేవు. ఈ ముక్క ఆశీర్వాదం అన్నకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాకు ఎనిమిది నెలల తలనొప్పి తప్పేది.

హామిల్టన్ చుట్టుపక్కల పాల ఫారాల్లో పాలు పితికే యంత్రాలు బాగుచేస్తూ ఇరవై రెండేళ్లు గడిపిన మనిషి ఆయన. రిటైరయ్యాక ఊరికి ఇరవై నిమిషాల దూరంలో రెండెకరాలు కొన్నాడు. భార్య రెబెక్కా ఆసుపత్రిలో నర్సు. ఆయనది కదిరి వైపు, నాది గోదావరి పక్క. ఇద్దరం ఒక తెలుగు క్రిస్మస్ భోజనాల్లో పరిచయమయ్యాం. నేను చర్చికి వెళ్లను గానీ బిర్యానీకి వెళ్తాను.

ఆ నేలలో గోంగూర, బెండతో పాటు రెండు సాళ్లు వేరుశనగ వేశాడు. కుందేళ్లొచ్చి మొదలంటా కొరికి పోయాయి. కంచె వేశాడు, దాని కింద తవ్వాయి. ఇక తుపాకి కొనాల్సిందే అన్నాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఫోన్. చిన్నరకం పాయింట్ టూ టూ బాగుంటుందా, జోరెక్కువున్న టూ టూ త్రీ తీసుకోవాలా, గుండు ఎంత దూరం పోతుంది? నాకేం తెలుసు! నేను జీవితంలో పట్టుకున్న తుపాకి దీపావళిది.

ఫోన్ ఎలా మొదలైనా వాళ్ల నాన్న దగ్గరికే చేరేది. ఆయన ఒక పెద్ద రైతు చేలకు కాపలాదారు. కాయ ముదిరే నెలలో నక్కలు గుంపుగా వచ్చి వేరుశనగ తవ్వి తినేవట. రైతు ఇచ్చిన నాటుతుపాకి పట్టుకుని సాయంత్రం మంచె ఎక్కేవాడు.

"ఒక్కసారి పేల్చినాడంటే కొండంతా మోగేదప్పా. ఆ మందు వాసన, వాన పడిన ఎర్రమట్టి వాసన, కంపలో కాల్చిన చెనిక్కాయల వాసన, మూడూ కలిసి వచ్చేవి. ఇప్పుడు కండ్లు మూసుకుంటే వచ్చేస్తాయి" అనేవాడు. చెనిక్కాయలంటే వాళ్ల వైపు వేరుశనగలే. ఇన్నేళ్లు యంత్రాల మధ్య బతికిన మనిషికి ఆ వాసనలు ఒక్కటీ పోలేదు. వినీ వినీ నాకు కూడా ఎప్పుడూ చూడని ఆ చేలంటే బెంగ పట్టుకుంది.

ఒకరోజు తుపాకుల షాపుకి నన్ను వెంటబెట్టుకెళ్లాడు. కౌంటర్ వెనక ఈ దేశపు తెల్లగడ్డం పెద్దాయన ఏం కావాలన్నాడు. ఆశీర్వాదం అన్న నోట అలవాటుగా వచ్చేసింది.

"నక్కకి ఏది మంచిది?"

"నక్కలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. అక్కడైతే టూ టూ త్రీ ఇస్తాను. ఈ దేశంలో లేవు."

"ఒక్కటి కూడా లేదా?"

"లేదు."

అన్న మొహం వాడిపోయింది. పాపం, కావలసినవాళ్లు పోయిన కబురు విన్నట్టే అయిపోయాడు. పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. రెండెకరాల్లో టూ టూ త్రీ పేలిస్తే గుండు కంచె దాటి పక్కవాళ్ల ఇంటిదాకా పోతుంది. కుందేలుకు పాయింట్ టూ టూ చాలు, యాభై అరవై గజాల్లో పని అయిపోతుంది, భుజాన్ని తన్నదు కూడా. లైసెన్స్ వచ్చాకే అమ్ముతానంటూ, ఖాళీ తుపాకి తీసి చూడమని చాచాడు. అన్న కుడిచేయి జాకెట్ జేబులోంచి బయటికి తీయలేదు. నువ్వు పట్టుకోమన్నట్టు నావైపు చూశాడు.

కారెక్కాక నిలదీశాను. చేయి బయటికి తీసి చూపించాడు. వేళ్లు వాటంతటవే వణుకుతున్నాయి.

"పోయిన చలికాలం నుంచి ఇట్లా ఉండాది. రెబెక్కాకు తెలీదు, చెప్పొద్దు. చిన్న తుపాకి కదప్పా, గోడకు ఆనించి కొడితే ఏమీ కాదులే."

అంటే ఎనిమిది నెలల పరిశోధన కుందేలు కోసం కాదు, ఆ చేతికి సరిపోయే తుపాకి కోసం. ఇక్కడ లైసెన్స్ ఇచ్చే ముందు పోలీసులు భార్యనూ, బంధువు కాని ఒక మనిషినీ అడుగుతారు. ఆ మనిషిని నేనే. ఏ ఇబ్బందీ లేదని చెప్పేశాను. స్నేహధర్మం అనుకున్నాను. గాడిదగుడ్డు ధర్మం!

శనివారం పొద్దున రెబెక్కాతో మాట్లాడటానికి పోలీసు ఆఫీసరమ్మ వాళ్లింటికి వచ్చింది. ఆడవాళ్లిద్దరూ వరండాలో కూర్చున్నారు. మేం వంటింట్లో ఉన్నాం, కిటికీ తెరిచే ఉంది. చేతి సంగతి ఆమెకు తెలియదనీ, తెలిసినా ఇంటి గుట్టు ఇల్లాలు బయటపెట్టదనీ అన్న ధీమాగా ఉన్నాడు.

"నా భర్త చాలా మంచివాడు. కానీ ఆయన కుడిచేయి వణుకుతోంది. నాకు తెలియదనుకుంటున్నాడు. నేను నర్సుని. ఒలికిపోతుందని పది నెలలుగా ఆయనకు కప్పులో సగమే టీ పోస్తున్నాను. ఈ ఇంట్లో తుపాకి వద్దు" అంది రెబెక్కా. గొంతు మటుకు వణకలేదు.

నాకు ఒళ్లు మండింది. "వదిన ఎంత పని చేసిందన్నా!" అన్నాను.

అన్న కిటికీ రెక్క దగ్గరికి వేశాడు. తర్వాత ఆయన చెప్పింది నాకు అంతకుముందెప్పుడూ చెప్పనిది.

"కడాకు మా నాయనకు సూపు మందగించింది సుబ్బారావ్. రైతు వచ్చి మా అమ్మను అడిగినాడు, నీ మొగుడికి కండ్లు బాగుండాయా అని. పని పోతాదని బాగానే ఉండాయనింది. ఆ వారమే మునిమాపున సంగటి తెచ్చే మా అమ్మనే నక్క అనుకుని కాల్చినాడు. తుపాకి రవ్వలు కాలికి తగిలినాయి. సచ్చేదాకా కుంటింది. ఎవరడిగినా గట్టు మీంచి పడినానని చెప్పేది. మా నాయన మళ్లా ఆయమ్మ మొహం సూడలేకపోయినాడు."

స్నేహం పేరుతో నేను పోలీసులకు చెప్పింది కూడా అలాంటి అబద్ధమే. సిగ్గుతో చచ్చిపోయాను.

అన్న లేచి వరండాలోకి వెళ్లాడు. ఆమె చెప్పింది నిజమేననీ, దరఖాస్తు వెనక్కి తీసుకుంటాననీ ఆఫీసరమ్మతో అన్నాడు. ఆవిడ ఒక కాగితం ముందు పెట్టింది. రెబెక్కా ఏడుస్తూనే రెండు చేతులతో కాగితం కదలకుండా పట్టుకుంది. అన్న కుడిచేతికి పెన్ను తీసుకున్నాడు. సంతకం పూర్తవడానికి చాలాసేపు పట్టింది. వంకరటింకరగా పడింది. ఆయన చేయి మళ్లీ జేబులో పెట్టుకోలేదు.