పెంటపోగు పక్కన పిట్టగూళ్ళు

మొన్నటి వానలకు మా మేడ మీది కరివేపాకు కుండీలో, కుళ్ళిన కొబ్బరిపీచు మీద పిట్టగూళ్ళు మొలిచాయి. చిటికెనవేలి గోరంత గిన్నెలు. ఒక్కోదాంట్లో ఆవగింజ కన్నా కాస్త పెద్దవి నాలుగైదు నల్లని గుడ్లు. చూడగానే డెబ్భైల నాటి తిరువూరులో మా మామగారి దొడ్డీ, మా తోడల్లుడి మీద నాకున్న అసూయా రెండూ లేచి కూర్చున్నాయి.

అప్పట్లో ఆ ఇంట్లో ఏ సందేహం వచ్చినా మామగారు, "పెద్దల్లుడుగారిని అడగండి" అనేవారు. నాది ఎస్సెల్సీ చదువే అయినా, గ్రంథాలయంలో రెండు బీరువాలు నమిలేసినవాణ్ణి. ఆ ఒక్క మాట వినడానికే ప్రతి ఆదివారం అత్తవారింటికి వెళ్ళేవాణ్ణి. ఒక శ్రావణంలో పెంటపోగు పక్కన నానిన గడ్డి మీద ఈ గూళ్ళు కనిపించాయి. గేదెలు తింటే ప్రమాదమా అని మామగారు అడిగారు. తెలియదనడం అలవాటు లేక, "పురుగు గుడ్లండి, తగలబెట్టించండి" అన్నాను. ఆ పూట వినగడప నుంచి వచ్చిన చిన్నల్లుడు, సంతకం తప్ప రాయని సేద్యగాడు, గొంతుక్కూర్చుని చూశాడు.

"పురుగులు కాదన్నయ్యగారూ, పుట్టగొడుగు జాతి. చినుకు పడితే ఎగురుతాయి."

చెంబులో వేళ్ళు ముంచి పైనుంచి ఒక చుక్క వదిలాడు. గుడ్డు ఎగిరొచ్చి నా ఇస్త్రీ పంచెకు అతుక్కుంది.

"దానికీ పెద్దల్లుడుగారే కావాలంట" అన్నాడు. మామగారు కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు. ఆ తరవాత దొడ్డి సంగతులన్నీ చిన్నల్లుడివే అయిపోయాయి.

అతని మాట తప్పని తేల్చడానికి మర్నాడే గ్రంథాలయానికి పరిగెత్తాను. శిలీంధ్రాల మీది లావుపాటి పుస్తకం అతని పక్షానే నిలిచింది. గుడ్డు నిండా విత్తుల్లాంటి పొడి ఉంటుందట. చినుకు దెబ్బకు ఆ గుడ్డు రెండు మూడడుగులు ఎగిరి, జిగురుదారంతో గడ్డిపోచకు చుట్టుకుంటుందట. పశువు మేస్తే పేడలో మళ్ళీ మొలుస్తుందట. తినడానికి పనికిరాకపోయినా, మోడునూ గడ్డినీ మాగబెట్టి ఎరువు చేస్తుందట. నేను తగలబెట్టించమన్నది ఆ ఎరువునే. ఎవరికీ చెప్పలేదు. పైగా ఆ పుస్తకాన్ని ఇంకెవరూ అడగరని తెలిసీ, గడువు పొడిగించుకుంటూ ఏడాదిపాటు నా దగ్గరే అట్టిపెట్టుకున్నాను.

మొన్న కుండీ పక్కనే నిలబడి అతనికి ఫోన్ చేశాను. "నువ్వు చెప్పిందే నిజం తమ్ముడూ, అవి పుట్టగొడుగులే."

"ఏవి, అన్నయ్యగారూ?" అన్నాడు.

ఎంత చెప్పినా అతనికి గుర్తు రాలేదు. ఆ గుడ్డు నా పంచె దాకా రావడానికి రెప్పపాటు చాలింది. ఈ ఒక్క మాట తిరువూరు నుంచి వినగడప చేరడానికి నా జీవితం దాదాపు అంతా పట్టింది.