నాయనమ్మ ఊడ్చిన కంప్యూటర్ తోట

ఆ రోజుల్లో నాకు డిగ్రీ ఉండేది, పని ఉండేది కాదు. అలాంటప్పుడు మనిషి ఏ విద్యకైనా లొంగిపోతాడు. నేను కంప్యూటర్‌లో లోపలికి వెళ్ళి తిరగగలిగే లోకాలు కట్టే విద్యకు లొంగాను. గురువు, పలాసలో కంప్యూటర్ సెంటర్ నడిపే మా బావ. (గురువుగారికి ఆ విద్య నాకన్నా పది రోజుల ముందే వచ్చింది.) మొదటి లోకంగా ఉద్దానంలోని మా జీడితోటను కట్టాలనుకున్నాను. అసలు తోట తుఫానుకి పడిపోయింది. ఆ తర్వాత నాయనమ్మ అటువైపు అడుగు పెట్టలేదు. ఆవిడను ఒక్కసారి మళ్ళీ ఆ చెట్ల కింద నడిపించాలని నా కోరిక. ముందు నేనే దిగి చూశాను. దిగినవాణ్ణి దిగుతూనే ఉన్నాను. చెట్లన్నీ పైకి వెళ్ళిపోయాయి. "నేల గట్టిగా ఉండాలని నువ్వు సెప్పకపోతే దానికెలాగ తెలుస్తాది బావా?" అన్నాడు గురువు.

నేల గట్టిపడ్డాక ల్యాప్‌టాప్ తెచ్చి నాయనమ్మ ముందు పెట్టి, ఏ మీట నొక్కితే నడుస్తుందో చూపించాను. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. "ఒరే, అన్నీ ఒక్క సెట్టే కదరా!" (నిజమే. ఒకటి చేసి నూట ఇరవైసార్లు అతికించాను.) "పోనీలే. పిక్కలు రాలే రోజుల్లో కింద ఆకులు తుడవకుండా ఉంచీసినావేటి? ఆకుల్లో పిక్క ఎలాగ కనిపిస్తాది? మీ తాత సూస్తే తిట్టును." తప్పు ఒప్పుకుని, వారం కష్టపడి ఒక చీపురు చేశాను. మౌస్ కదిపితే ఆకులు పక్కకు పోయి, కింద జీడిపిక్కలు బయటపడతాయి. నాయనమ్మ తోటంతా ఊడ్చి, కుర్చీలో కూర్చునే నడుం మీద చెయ్యి వేసుకుంది.

మర్నాడు తెరిస్తే ఆకులన్నీ యథాస్థానంలో ఉన్నాయి. ఊడ్చిన సంగతి గుర్తుపెట్టుకోమని తోటకు చెప్పడం మరిచిపోయాను. తిట్లకు సిద్ధపడ్డాను. "రేతిరి గాలేసినట్టుంది," అని ఆవిడ చీపురందుకుంది. అది మొదలు రోజూ పొద్దున్నే కాఫీ తాగి తోటకు వెళ్ళడం ఆవిడ అలవాటు. ఈలోగా బావ దగ్గర ఆ గుర్తుపెట్టుకోవడం నేర్చుకుని, గర్వంగా లోపం సరిదిద్దాను. అలా సరిదిద్దిన మూడోనాడు నాయనమ్మ శుభ్రమైన తోటను చూసి ముఖం చిన్నబుచ్చుకుంది.

"ఎవులు తుడిసీసినారు?"

"నిన్న నువ్వే కదా నాయనమ్మా."

"అయితే నాకింక అక్కడ పనేటుంది?" అని లేచిపోయింది.

ఆ సాయంత్రమే నా కొత్త విద్యను తోటలోంచి తీసేశాను. "నేర్సుకున్నది తీసేత్తన్నావేటి బావా, పిచ్చా?" అన్నాడు గురువు. మర్నాడు ఆకులు రాలాయి. నాయనమ్మ కాఫీ సగంలో వదిలేసి వచ్చింది.

ఇప్పుడు నేను జీతానికి లోకాలు కడుతున్నాను. వాటిలో నేల గట్టిగా ఉంటుంది, ఏ రెండు చెట్లూ ఒకలా ఉండవు, ఆ లోకాలు జరిగినదంతా గుర్తుపెట్టుకుంటాయి. నేలనే మరిచిపోయే ఆనాటి నాలాంటి కుర్రాడు ఉద్యోగానికి వస్తే మర్యాదగా టీ ఇచ్చి పంపేస్తాను. మొన్న పాత ల్యాప్‌టాప్ తెరిచాను. నాయనమ్మ పోయి నాలుగేళ్ళయింది. తోట నిండా ఆకులే. రాత్రి గాలేసినట్టుంది అనుకుని చీపురందుకున్నాను. మూడో వరస అయ్యేసరికి, కుర్చీలో కూర్చునే, నా చెయ్యి నడుం మీదికి వెళ్ళింది.