గొర్రెల తాడు ముడి

మొన్న నల్లగొండకు ఎగ్జామినర్‌గా వెళ్లి, ఎంబీబీఎస్ ఆఖరి ఏడాది అమ్మాయిని పాముకాటు వైద్యం చెప్పమన్నాను. ఊపిరి తీసుకోకుండా గడగడా అప్పజెప్పింది. "కాలికి గట్టిగా కట్టు కట్టుకుని వస్తే?" అన్నాను. "కట్టు కట్టకూడదు మేడం, వెంటనే విప్పేయాలి," అంది. ఒకప్పుడు అచ్చం ఆ జవాబుకే నాకు పూర్తి మార్కులు పడ్డాయి.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది నేను పీజీలో చేరాను. అంతకుముందు ఎంబీబీఎస్ ఆఖరి ఏడాదిలో నా నోట్సు జిరాక్సు తీసుకోనివాళ్లు మా బ్యాచిలో లేరు, అంత పేరు నాకు. ఆ తర్వాత హౌస్ సర్జన్ ఏడాదంతా రక్తం సీసాలు ల్యాబుకు మోస్తూ, మిగిలిన పొద్దు ఎంట్రన్సు ప్రశ్నలు బట్టీ పట్టాను. పీజీలో మూడో రోజు మధ్యాహ్నం, మా సీనియర్ భోజనానికి వెళ్లిన వేళ, కొల్లాపూర్ దిక్కు నుంచి ఒక గొర్లకాపరిని ఆటోలో తెచ్చారు. పాదం మీద నాగుపాము కాటు. పిక్క మీద గొర్రెను కట్టేసే తాడు బిగించి ఉంది. ఆ ముడి వేసింది వెంట వచ్చిన వాళ్లమ్మ. నేను కత్తెర తీశాను. "జర ఆగు బిడ్డా. సూది ఏసినంక ఇప్పు," అన్నదామె. నాకు నవ్వొచ్చింది. పుస్తకంలో లేనిది ఈమెకేం తెలుసనుకుని తాడు కోసేశాను.

కాసేపటికే అతని రెప్పలు వాలాయి, మాట ముద్దయింది, మెడ నిలవలేదు. ఆగిన విషం ఒక్కసారిగా పైకి పాకిందని అర్థమైంది. మా అమ్మ వయసున్న వార్డు సిస్టర్ పరుగున వచ్చి, కోసిన తాడునూ నన్నూ చూసింది. "మందు కలుపుండ్రి మేడం," అని పాము విషానికి విరుగుడు సీసాలు నా ముందు పెట్టి, అతని ముఖానికి మాస్కు అదిమి గాలి సంచి నొక్కడం మొదలుపెట్టింది. ఎన్ని సీసాలు ఎక్కించాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఆ మందు పొడిగా ఉంటుందని మాత్రం అప్పుడే చూశాను. నీళ్లు పోసి, దగ్గుమందు ఊపినట్టు ఊపాను. సీసా నిండా నురగ, అది దిగేదాకా ఎక్కించడానికి లేదు. "ఊపొద్దు. అరచేతుల నడుమ మెల్లగ తిప్పుండ్రి," అన్నది సిస్టర్, సంచి నొక్కుతూనే. అవతల మనిషికి ఊపిరి అందడం లేదు, ఇవతల నేను కవ్వం తిప్పినట్టు మెల్లగా సీసాలు తిప్పాలి. ఏడుస్తూనే పది సీసాలూ తిప్పాను.

సీనియర్ వచ్చి గొంతులో గొట్టం వేశాడు. రెండు రోజులు మిషన్ మీద ఉండి ఆ మనిషి బతికాడు. ఇంటికి పోయేనాడు వాళ్లమ్మ నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"నా కొడుకు మీద నేర్సుకున్నవు గదా బిడ్డా. ఇగ ఇంకొకల కొడుకు మీద నేర్సుకోకు," అన్నది.

మొన్నటి అమ్మాయికి మార్కులు వేసి, వార్డుకు తీసుకెళ్లాను. ముందు మందు ఎక్కించాలి, ఊపిరందించే సరంజామా పక్కనుండాలి, ఆ తర్వాతే కట్టు మెల్లగా వదులు చేయాలని చెప్పి, ఒక సీసా చేతికిచ్చాను. ఊపబోయింది. మణికట్టు పట్టుకుని ఆపాను. ఆ తాడు కోసి పదేళ్లు దాటింది. ఇప్పటికీ ఎవరి కాలికైనా కట్టు కనబడితే, ముందు నా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటాను.