డబ్బాలో సాంచా

సిరిసిల్ల కొత్త షెడ్డులో ట్రైనింగు మొదలైన నాడు బాలమణి తన కొంగు కుచ్చుకూ, పని నేర్పే సాగర్ సారు మెడలోని కండువా కుచ్చుకూ ముడివేసింది. కండువా ప్రారంభోత్సవానికి కప్పినది. సారుకు ఇంకా పెళ్లి కాలేదు. బాలమణికి డిగ్రీ చదివే కూతురుంది. వేసింది నేతముడి కనుక ఊడిరాలేదు. కత్తెర తెచ్చేదాకా ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. వెనక నుంచి ఎవరో అక్షింతలున్నాయా అని అడిగారు.

జరిగింది ఇది. షెడ్డులోని సాంచాలు, అంటే మరమగ్గాలు, కొత్తవి, ఖరీదైనవి. చేయి తిరగని వాళ్లను దగ్గరికి రానివ్వరు. ముందు కళ్లకు ఒక నల్ల డబ్బా కడతారు. అందులో నిలువెత్తు సాంచా కనిపిస్తుంది, దాని చప్పుడూ వినిపిస్తుంది. ముట్టుకోబోతే ఏమీ ఉండదు. పోగు తెగితే రెండు చేతుల్లోని పిడులను దగ్గరికి తెచ్చి మీట నొక్కాలి. ముడి దానంతటదే పడుతుంది. బాలమణి దారపు కండెలు చుడుతూ పెరిగిన మనిషి. తెగిన పోగు కంటబడగానే ఆమె వేళ్లు ఆమెను అడగలేదు. పిడులు వదిలేసి, అందిన పోగులు రెండూ, తన కొంగుదీ పక్కనున్న సారు కండువాదీ, పట్టి ముడేశాయి.

సిరిసిల్లలో ఆడవాళ్లు కండెలు చుట్టడం, మగవాళ్లు సాంచాలు నడపడం ఆనవాయితీ. కొత్త షెడ్డులో కండెలను యంత్రాలే చుడతాయి. డబ్బాలో పరీక్ష గట్టెక్కిన ఆడవాళ్లను సాంచా మీదికి తీసుకుంటామన్నారు. గట్టెక్కకపోతే బాలమణికి ఏ పనీ మిగలదు. పైగా సాంచా నడపాలన్నది ఆమెకు చిన్ననాటి నుంచీ ఉన్న కోరిక. పాత సాంచాల మీద తల నెరిసిన నర్సింగం మాత్రం, గాలిలో ఈత నేర్చినోళ్లు నీళ్లలో తేలుతారా అని నలుగురి ముందూ అన్నాడు.

కూతురు తేజస్విని జగిత్యాలలో చదువుతోంది. కొంగుముడి సంగతి ఫోనులో విని, నవ్వి నవ్వి, తల్లిని అక్కడికి రమ్మంది. బస్టాండు దగ్గర అలాంటి డబ్బాలతోనే క్రికెట్ ఆడించే దుకాణం ఉందట.

"ఆటల అలవాటైతే పనిల గూడ అయితదమ్మా. చేతిల పిడి ఇడువకుంటె చాలు."

ఆ దుకాణంలో బాలమణి డబ్బా కట్టుకుని, కొంగు నడుముకు బిగించి నిలబడింది. మొదటి బంతికి అమ్మో అని కింద కూర్చుంది. ఆ తర్వాత కూర్చోలేదు. వంతు కోసం బెంచీ మీద కాచుకున్న కాలేజీ పిల్లలు, అత్తమ్మా ఇగ మాకియ్యరాదు అని బతిమాలితే, ఒక్క ఓవరు ఆగమంది. ఓవరంటే ఏమిటో ఆ పూటే తెలుసుకుంది.

ఇంట్లో డబ్బా లేదు. అందుకని ఒక చేత గంటె, ఒక చేత పప్పుగుత్తి పట్టుకుని, వాకిట్లో కళ్లు మూసుకుని లేని సాంచాను నడిపేది. అలా ఊగుతుండగా పక్కింటి పోచవ్వ చూసింది. అమ్మవారు పూనిందనుకుంది. చెంబెడు నీళ్లలో వేపమండ వేసి తెచ్చి, బాలమణి కాళ్ల మీద పోసి దండం పెట్టింది.

"తల్లీ, మా గణేశు దుబాయ్‌ల ఎట్లున్నడు?"

బాలమణి కళ్లు తెరవలేదు. "రెండు పోగులు తెగినయ్. కడుతున్న, ఆగు."

పోచవ్వ ఆగలేదు. తెగినవి తాళ్లనుకుని, అప్పటికప్పుడు కొడుక్కి ఫోను చేసి, కొన్నాళ్లు ఎత్తు మీదికి ఎక్కొద్దని చెప్పింది. గణేశు అక్కడ హోటలులో రొట్టెలు కాలుస్తాడు. అయినా సరేనన్నాడు.

పరీక్షనాడు సాగర్ సారు కాస్త దూరంగానే నిలబడ్డాడు. డబ్బాలో పోగు తెగింది. బాలమణి వేళ్లు పిడి మీద ఒక్కసారి వదులయ్యాయి. చూస్తున్న ఆడవాళ్లంతా ఎవరి కొంగు వాళ్లు దగ్గరికి లాక్కున్నారు. వేళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. మీట నొక్కింది, ముడి పడింది. తర్వాత తెగిన పోగులన్నీ అలాగే అతుక్కున్నాయి. డబ్బా తీసేసరికి బొట్టు చెమటకు కరిగి ముక్కు మీదికి దిగింది. గట్టెక్కినవమ్మా అని సారు చెబుతుంటే, ఆమె అది తుడుచుకోకుండానే, అసలు సాంచా ఎటుందని అడిగింది.

ఇచ్చారు. చాలా రోజులకు నిజం పోగు చేతికి తగిలింది. ముడి సంగతి వేళ్లు చూసుకున్నాయి. సాంచాను ఎప్పుడు ఆపాలో, ఎటు నిలబడాలో డబ్బా నేర్పింది. అంతటి చప్పుడులో ఆ మనిషి అంత నిదానంగా మసలడం చూడటానికి పక్క షెడ్డు వాళ్లు కూడా ఏదో పనున్నట్టు వచ్చిపోయేవారు.

వారమంతా నర్సింగం ఆమె వెనకాలే తిరిగాడు. తప్పు దొరికితే తిట్టాలని. దొరకలేదు. చివరికి ఉండబట్టలేక బయటపడ్డాడు.

"మేం సాంచా నేర్సుకున్నప్పుడు ఎంత బట్ట ఖరాబు జేసినం, ఎన్ని తిట్లు తిన్నం. నువ్వు ఒక్క తిట్టు తినకుంట నడుపుతున్నవ్, ఇదేం న్యాయం బాలమణీ?"

"తప్పులన్ని గా డబ్బలనె జేసచ్చిన, మామా."