లాయరు గారింటి తివాచీ

1961లో నేను సిరిసిల్లలో ఒక మహిళా సమాజంలో గుమాస్తాను. పేరుకే గుమాస్తా. ఉత్తరాలు రాయడం, రిజిస్టర్లు నింపడం, తాళం వేయడం, వాన పడితే కప్పు కారే చోట బిందె పెట్టడం, అన్నీ నా పనులే. సమాజానికి ఉన్నది రెండు గదుల పెంకుటిల్లు, అందులో ఒక బాల్వాడీ. నేతపనివాళ్ళ చిన్నపిల్లలు పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఉండేవారు. ఒక టీచరు, ఒక ఆయా, మధ్యాహ్నం పిల్లలకు తలా గ్లాసు పాలు.

సమాజానికి అధ్యక్షురాలు అంబవ్వ. చదువు లేదు, వేలిముద్రే. భర్త పోయాక తనే మగ్గం మీద కూర్చుని ఇల్లు నడిపిన మనిషి. బాల్వాడీ పెట్టించింది కూడా ఆమే. ఊళ్ళో అప్పుడప్పుడే సాంచెలు, అంటే మరమగ్గాలు వస్తున్నాయి. తల్లి కండెలకు నూలు చుడుతుంటే పిల్లలు ఆ సాంచెల పక్కనే పాకుతూ ఆడుకునేవారు. అంబవ్వ మనవరాలు లక్ష్మి అలాగే ఒకరోజు చెయ్యి పెట్టింది. చూపుడు వేలి కొస పోయింది. ఆ నెలలోనే అంబవ్వ ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళను కూడగట్టింది.

ఈ పని తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. గ్రాంట్-ఇన్-ఎయిడ్ అంటే సర్కారు ఇచ్చే సాయం. అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. కానీ ఏటేటా కొత్తగా అడగాల్సిందే. ఏప్రిల్లో మొదలయ్యే ఏడాదికి దసరా నాటికే ఫైలు సిద్ధం కావాలి. అప్లికేషను, సమాజం తీర్మానం, ఆడిటరు సంతకం పెట్టిన లెక్కలు, వచ్చే ఏడు ఏం చేస్తామో వివరం. వీటన్నిటి మీద ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్ ఉంటుంది. హైదరాబాదు నుంచి ఒక అధికారిణి వచ్చి, కళ్ళారా చూసి రాసే కాగితం అది. అది సరిగా లేకపోతే మిగతా ఫైలు ఎంత ముద్దుగా ఉన్నా అంతే సంగతులు.

ఆ ఏడు ఇన్‌స్పెక్టరమ్మ వస్తున్నట్టు కార్డు రాగానే అంబవ్వ కొంగు బిగించింది.

"హైద్రాబాదు నుంచి ఆడమనిషి వస్తదట. శిరిగిన సాప ఏస్తమా బిడ్డా? ఇజ్జత్ ఉంటదా?"

రెండు రోజుల్లో మా గదులు పెళ్ళిల్లు అయిపోయాయి. లాయరు గారింటి నుంచి ఎర్ర తివాచీ, షావుకారు ఇంటి నుంచి ఆరు వెండి గ్లాసులు, హోటలు నుంచి నాలుగు కుర్చీలు, ఎవరింటి నుంచో గోడ గడియారం. పిల్లలందరికీ పండుగ బట్టలు తొడిగించారు. నేనేం చేశాను? అడ్డు చెప్పానా? లేదు. పరాయి వస్తువులు కదా, ఒకటి పోతే మాట వస్తుందని కూర్చుని చక్కగా పట్టిక రాశాను. ఏ వస్తువు, ఎవరిది, ఎప్పుడు తెచ్చాం. మరునాడు తిరిగి ఇచ్చి, ప్రతి ఒక్కరి చేతా 'ముట్టింది' అని సంతకమో వేలిముద్రో వేయించుకున్నాను. ఒక్క గ్లాసు కూడా తప్పిపోలేదని నాలో నేనే మురిసిపోయాను కూడా.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చారు, తివాచీ మీద నడిచారు, వెండి గ్లాసులో పాలు తాగారు, మెచ్చుకుని వెళ్ళారు. అంబవ్వ ఆ రోజంతా నేల మీద నిలవలేదు. మూడు వారాల తర్వాత రిపోర్టు నకలు పోస్టులో వచ్చింది. "నిర్వహణ ప్రశంసనీయం. సంస్థ మంచి స్థితిలో ఉన్నది. ప్రభుత్వ సహాయం అవసరమున్నట్టు తోచలేదు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని నేరుగా అంబవ్వ ఇంటికి పోయాను. మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది.

"ఏం పని జేసినవ్ పెద్దమ్మా! తివాచీలు, ఎండి గిలాసలు! మనకు అన్నీ ఉన్నయట. పైసా ఇయ్యరట. వచ్చే ఉగాదికి బాల్వాడీకి తాళమే!"

ఆమె చేతిలో పేకదారం నడిపే నాడె ఆగిపోయింది. "గట్ల రాసిందా?" అంది. నేను ఆగకుండా నోటికొచ్చిందంతా అన్నాను. అన్నీ అనేసి వచ్చేశాను. ఇప్పటికీ ఆ మాటలు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

మరునాడు ఆ రిపోర్టును ఫైలులో పెట్టబోతే, దాని కిందే నా పట్టిక. నా చేతిరాతే. పన్నెండు వస్తువులు, నలుగురి సంతకాలు. అంబవ్వను ఒక్కదాన్నే తిట్టి వచ్చాను, ఆ తివాచీని లెక్కరాసి మరీ పరిపించింది నేను కదా! తల కొట్టుకున్నాను. ఆ వెంటనే ఇంకో ఆలోచన తట్టింది. మేము లేనివాళ్ళమని రుజువు చేయడానికి ఇంతకన్నా గట్టి కాగితం ఏముంటుంది? అప్పీలు రాసి, దానికి ఈ పట్టికను ఎన్‌క్లోజర్‌గా, అంటే అర్జీ వెంట జతచేసే కాగితంగా పంపితే సరి.

కానీ అర్జీ మీద అధ్యక్షురాలి వేలిముద్ర ఉండాలి. అడుక్కొచ్చి అలంకరించుకున్నామని అంబవ్వే హైదరాబాదు ఆఫీసంతటికీ ఒప్పుకోవాలి. ఎవరింటికి ఎవరు వచ్చినా మజ్జిగైనా ఇవ్వకుండా పంపని మనిషి ఆమె. అడగడానికి నాకు నోరు రాలేదు. చివరికి వెళ్ళి, ముందు రోజు మాటలకు క్షమించమన్నాను. తర్వాత అర్జీ, పట్టిక రెండూ చదివి వినిపించాను.

లక్ష్మి పక్కనే కూర్చుని కండెలు దొంతి పెడుతోంది. అంబవ్వ ఆ పిల్ల చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"పంపు బిడ్డా" అంది. "ఇజ్జత్ నాదొక్కదానిది. శేతి ఏళ్ళు పోరగాండ్లయి."

వేలిముద్ర వేస్తుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను తల వంచుకుని ఇంకు డబ్బా మూత పెట్టే పనిలో పడ్డాను. తర్వాత జవాబు కోసం రోజూ గుమ్మంలో నిలబడి పోస్టుమాన్ దారి చూసేదాన్ని. అంబవ్వ మాత్రం "ఫికర్ జెయ్యకు, కొండగట్టు అంజన్నకు మొక్కిన" అని నాకే ధైర్యం చెప్పింది.

సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం, కార్డు లేదు, కబురు లేదు, ఇన్‌స్పెక్టరమ్మ గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో మా పట్టిక. గదిలో చిరిగిన చాపలు, సొట్టలు పడ్డ గ్లాసులు, మూల బిందె. పిల్లలు పాలు తాగుతున్నారు. నేను బిక్కచచ్చిపోయాను. ఆయా పరుగున పోయి అంబవ్వకు చెప్పింది.

అంబవ్వ రొప్పుతూ వచ్చింది. చంకలో ఒక దుప్పటి. మగ్గం మీంచి అప్పుడే కోసినట్టుంది, అంచుల్లో దారాలు వేలాడుతున్నాయి. ఎంత చెప్పినా మళ్ళీ మొదలుపెట్టిందిరా దేవుడా అనుకున్నాను. ఆమె నా వైపు చూడనైనా లేదు. చిరిగిన చాప మీద ఆ దుప్పటి పరిచింది.

ఇన్‌స్పెక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ పట్టిక చూపించారు. "మరి ఇదెవరింటిది అమ్మా? ఇందులో రాయలేదే?"

"ఎవలదీ గాదు. నేను నేసిందే" అంది అంబవ్వ. "గీడ ఉన్నది ఉన్నట్టు సూడుండ్రి, జర దీని మీద కూసోని సూడుండ్రి."

ఆవిడ చెప్పులు విడిచి దాని మీద కూర్చున్నారు. లక్ష్మిని పిలిచి దగ్గర కూర్చోబెట్టుకుని ఆ వేలు చూశారు. సొట్టగ్లాసులోనే టీ తాగారు. రెండు గంటలు కదలకుండా కూర్చుని కొత్త రిపోర్టు రాశారు. ఆ దుప్పటి ఇక బాల్వాడీలోనే ఉండిపోయింది. ఏప్రిల్ రాకముందే గ్రాంటు మంజూరైంది. ఉగాదికి తాళం పడలేదు, పచ్చడి పడింది పిల్లల చేతుల్లో.

తర్వాత చాలా ఏళ్ళు ఆ పనిలోనే ఉన్నాను. ప్రతి వానాకాలం వచ్చే ఏడాది ఫైలు తెరిచేటప్పుడు ముందుగా మాకు లేనివి రాసేదాన్ని, తర్వాతే చేసినవి. సాయం అడిగేవాళ్ళు లేమిని దాచకూడదని ఆ ఏడే నేర్చుకున్నాను. దాచుకోవాలనిపించేవాళ్ళను తిట్టకూడదని కూడా.

అప్లికేషనులో 'సంస్థ ఆస్తులు' అని ఒక గడి ఉండేది. మునుపు దాన్ని ఖాళీగా వదిలేసేదాన్ని. ఆ ఏటి నుంచి అంబవ్వ నా పక్కన కూర్చుని, రాసేదాకా లేచేది కాదు. అందుకే ఏటేటా అందులో మొదటి పంక్తి ఒకటే: దుప్పటి ఒకటి, సొంతం.